వఖ్ఫ్ ఆస్తులు – విచారణా విధానం: ఇటీవలి తీర్పులపై ఒక పరిశీలన

ఆస్తి వివాదంలో తీర్పు వెలువడగానే మన పత్రికలలోనూ, మస్జిదు కమిటీ సమావేశాలలోనూ మొదట వినిపించే ప్రశ్న ఒక్కటే: గెలిచింది ఎవరు? ఆ ప్రశ్న సహజమైనదే. కాని దానికంటే ముందు అడగదగిన ప్రశ్న మరొకటి కలదు. ఆ హక్కును తేల్చింది ఎవరు? ఉభయపక్షాల సాక్ష్యం విని తేల్చారా, వినకుండానే తేల్చారా? వఖ్ఫ్ ఆస్తులకు సంబంధించి 2010 నుంచి 2025 వరకు సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పులను ఈ దృష్టితో చదివినప్పుడు, వాటిలో న్యాయం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తడబడిందో స్పష్టంగా కనబడుతుంది. కేవలం గెలుపోటముల లెక్కతో చదివితే ఆ సంగతి మరుగున పడిపోతుంది.

విచారణా విధానం న్యాయానికి సేవకురాలే గాని యజమానురాలు కాదని మన దేశపు న్యాయమూర్తులు అనేక పర్యాయాలు చెప్పియున్నారు. ఈ మాటను సమర్థిస్తూనే ఇంకొక మాట చేర్చవలసి ఉంది. సేవకురాలు లేని ఇంట్లో యజమాని కూడా ఆకలితో ఉండవలసి వస్తుంది. విచారణ సక్రమంగా జరగని చోట హక్కు ఎంత పవిత్రమైనదైనా నిలబడదు.

షరీఅత్ దృష్టిలో విచారణ

ఈ విషయంలో ఇస్లామీయ న్యాయశాస్త్రం ఏమంటుందో మొదట చూడడం మంచిది. వఖ్ఫ్‌కు మూలాధారంగా ఫఖీహ్‌లందరూ పేర్కొనేది హజ్రత్ ఉమర్ (రజి) గారి ఖైబర్ భూమి ఉదంతం. ఆ భూమిని ఏం చేయమంటారని ఆయన అడిగినప్పుడు, మూలధనాన్ని నిలిపి ఉంచి దాని ఫలాన్ని దానం చేయవచ్చునని మహాప్రవక్త (స) సూచించారు. దానిని అమ్మరాదు, బహూకరించరాదు, వారసత్వంగా పంచరాదు. ఈ భాగం మనందరికీ తెలిసినదే. అంతగా ప్రచారంలో లేని భాగం ఒకటి సుననె అబూదావూద్‌లో ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఆ వఖ్ఫ్‌కు పత్రం రాయించారు. దానిని రాసినవారు ముఐఖీబ్ (రజి), సాక్షిగా నిలిచినవారు అబ్దుల్లాహ్ బిన్ అర్ఖమ్ (రజి). వఖ్ఫ్ చేసినవారు ఖలీఫా అయినప్పటికీ పత్రమూ, సాక్షీ అవసరమయ్యాయి. అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు దానిని లిఖితపూర్వకం చేసుకొమ్మని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు ఆదేశిస్తున్నది. కొద్దిపాటి అప్పుకే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, ప్రళయం వరకు నిలవవలసిన దానాన్ని నోటిమాటకు వదిలివేయమనదు గదా!

ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు మరొకటి ఉంది. తన వద్దకు వచ్చే కక్షిదారులలో ఒకరు వాదనలో నేర్పరి కావచ్చుననీ, తాను విన్నదానిని బట్టి తీర్పు చెబుతాననీ, ఆ విధంగా సోదరుని హక్కు ఎవరికైనా చేరితే అది అగ్నిఖండమేననీ మహాప్రవక్త (స) హెచ్చరించారు. ఇందులో రెండు సత్యాలున్నాయి. న్యాయమూర్తి తన ఎదుట పెట్టిన సాక్ష్యాన్ని బట్టే తీర్పు చెప్పగలడు. అయినా కేసు గెలిచినంత మాత్రాన పరుని సొమ్ము హలాల్ కాజాలదు. అందుచేత కాగితం అడిగిన కోర్టును నిందించడానికి మనకు ధార్మికమైన ఆధారం లేదు. సాక్ష్యం చూపే అవకాశం ఇవ్వని కోర్టును ప్రశ్నించే ఆధారం మాత్రం నిశ్చయంగా ఉన్నది. అబూ మూసా అష్అరీ (రజి)కి హజ్రత్ ఉమర్ (రజి) రాసినట్లు ప్రసిద్ధమైన లేఖలో, తన సాక్ష్యం ఇంకా చేతికి రాలేదనే వాదికి గడువు ఇవ్వాలన్న సూచన కలదు. ఈ కొలబద్దతోనే తీర్పులను పరిశీలిద్దాం.

ఏ వాకిలి తట్టాలి?

సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ సెక్షన్ ప్రకారం, వేరే చట్టం నిషేధించనంతవరకు ప్రతి సివిల్ వివాదాన్నీ విచారించే అధికారం సివిల్ కోర్టుకు ఉంటుంది. 1995 నాటి వఖ్ఫ్ చట్టం వఖ్ఫ్ వివాదాల కోసం ట్రిబ్యునళ్లను ఏర్పరచి, 85వ సెక్షన్ ద్వారా ఆ మేరకు సివిల్ కోర్టుల తలుపు మూసింది. ఆ మూత ఎంతవరకన్నదే తగవు.

హైదరాబాదు రచయిత్రి సుఘ్రా హుమాయూన్ మిర్జా పేరున గల వఖ్ఫ్ తన కిరాయిదారులను ఖాళీ చేయించమని ట్రిబ్యునల్‌ను ఆశ్రయించింది. ట్రిబ్యునల్ ఆ వఖ్ఫ్‌కు అనుకూలంగా తీర్పు చెప్పింది, హైకోర్టు దానిని ఖాయం చేసింది. కాని 2010లో సుప్రీంకోర్టు రమేష్ గోవింద్‌రామ్ కేసుగా ప్రసిద్ధమైన తీర్పులో ఆ రెండింటినీ కొట్టివేసింది. ఒక ఆస్తి వఖ్ఫ్ అవునా కాదా అన్న ప్రశ్నే ట్రిబ్యునల్‌కు ప్రత్యేకమనీ, కిరాయిదారును ఖాళీ చేయించే దావా సివిల్ కోర్టులోనే వేయాలనీ ధర్మాసనం నిర్ణయించింది. చట్టంలోని అక్షరాన్ని పట్టుకొని చూస్తే ఆ వాదనలో బలం లేకపోలేదు. అయితే ఫలితం ఏమైంది? ఆస్తి వఖ్ఫ్‌దని కిరాయిదారు ఒప్పుకుంటే ఒక కోర్టుకూ, కాదంటే మరొక కోర్టుకూ వెళ్లవలసి వచ్చింది. ప్రతివాది నోట ఏ జవాబు వస్తుందో ఊహించి వాది కోర్టును ఎంచుకోవలసిన విచిత్రస్థితి ఏర్పడింది.

పార్లమెంటు 2013లో చట్టాన్ని సవరించి, కిరాయిదారును ఖాళీ చేయించే వివాదాన్ని కూడా 83వ సెక్షన్‌లో స్పష్టంగా చేర్చింది. 2021 అక్టోబరు 28న రషీద్ వలీ బేగ్ కేసులో జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ వి. రామసుబ్రమణియన్‌ల ధర్మాసనం, శాశ్వత నిషేధాజ్ఞ కోరే దావా కూడా ట్రిబ్యునల్ ఎదుట చెల్లుతుందని చెప్పింది. వఖ్ఫ్ ఆస్తికి సంబంధించిన ఏ వివాదమైనా అన్న చట్టపు మాటలకు పూర్తి అర్థం ఇవ్వాలన్నదే ఆ తీర్పు సారాంశం. మా అభిప్రాయంలో ఇదే సరియైన పఠనం. అయినప్పటికీ రెండు తీర్పుల మధ్య లాగులాట అంతటితో ఆగలేదు.

అధికారపరిధి గొడవను సాంకేతికమని తేలికగా తీసుకోరాదు. తప్పు కోర్టులో వేసిన దావాను, ఆర్డరు 7, రూలు 10 కింద, సరియైన కోర్టులో వేసుకొమ్మని తిప్పి ఇస్తారు. సద్బుద్ధితో తప్పు కోర్టులో గడిపిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ గడువు లెక్క నుంచి మినహాయిస్తుంది. అంతవరకు మేలే. కాని 2020లో ఇ.ఎక్స్.ఎల్. కెరీర్స్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆ విధంగా తిప్పి ఇచ్చిన దావా విచారణ కొత్త కోర్టులో మొదటి నుంచి జరగవలసినదేనని తేల్చింది. మొదటి కోర్టులో సాక్ష్యం చెప్పిన వృద్ధుడు ఆలోపల కన్నుమూసి ఉంటే? మొహల్లాలోని పాత ఖబరస్తాన్ సరిహద్దులు ఎరిగిన చివరి మనిషి అతడే అయితే? కాలం మినహాయింపు పొందగలదు గాని పోయిన సాక్షి తిరిగి రాడు. అధికారపరిధి గురించి న్యాయస్థానాలు ఒకే మాట మీద నిలవకపోవడం వలన కలిగే నష్టం ఇది.

మణికొండ తీర్పు: సగం న్యాయం

ఇక మన ప్రాంతానికి అతి సమీపమైన తీర్పు. రంగారెడ్డి జిల్లా మణికొండలోని దర్గా హజ్రత్ హుసేన్ షా వలీకి చెందినవిగా చెప్పబడిన భూముల వివాదంపై 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దర్గాకు సంబంధించి 1989 గెజెట్ ప్రకటనలో ఉన్నది స్వల్ప విస్తీర్ణం. 2006లో వఖ్ఫ్ బోర్డు పొరపాటు దిద్దుబాటు పేరుతో మరొక ప్రకటన వెలువరించి 1654 ఎకరాల 32 గుంటలను చేర్చింది. అప్పటికే ప్రభుత్వం ఆ భూములను పారిశ్రామిక సంస్థలకు, ఇతర సంస్థలకు కేటాయిస్తూ వచ్చింది. దిద్దుబాటు ప్రకటన చెల్లదనీ, జాగీర్ల రద్దుతో ఆ భూములు ప్రభుత్వానికి దఖలుపడ్డాయనీ సుప్రీంకోర్టు తీర్మానించింది.

ఈ తీర్పులో మొదటి భాగంతో మాకు పేచీ లేదు. అచ్చుతప్పును సవరించే ప్రకటనతో వెయ్యికి మించిన ఎకరాలు చేరడం, అదీ ఎదుటిపక్షానికి నోటీసు ఇచ్చి విచారణ జరపకుండా చేరడం, ఏ న్యాయశాస్త్రానికీ సమ్మతం కాదు. తన వివాదానికి తానే న్యాయమూర్తి కారాదన్నది లోకన్యాయం. బోర్డు మనదైనంత మాత్రాన ఆ నియమం సడలదు. న్యాయం మీ ఆత్మలకు వ్యతిరేకంగా ఉన్నా దానిపై నిలబడమన్నది కదా అన్ నిసా సూరాలోని ఆదేశం!

ఆక్షేపణ రెండవ భాగంతోనే మొదలవుతుంది. విచారణ లేకపోవడం లోపమైతే, ఆ లోపానికి సహజమైన విరుగుడు విచారణే. సర్వే రికార్డులు, అతియాత్ విచారణ పత్రాలు, అనుభవపు సాక్ష్యం ట్రిబ్యునల్ ఎదుట పెట్టి, ఎదురుప్రశ్నలు వేసి తేల్చవలసిన విషయం అది. కాని ప్రభుత్వం రిట్ పిటిషన్‌తో నేరుగా హైకోర్టుకు వెళ్లింది. వ్యక్తుల వలెనే ప్రభుత్వం కూడా తన ఆస్తిని కాపాడుకోవడానికి రిట్ కోర్టును ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు సమర్థించి, హక్కును కూడా తానే పత్రాలను బట్టి తేల్చివేసింది. అతియాత్ ఉత్తర్వులు, జాగీర్ల రద్దు చట్టం విషయాన్ని ముందే పరిష్కరించాయి కనుక కొత్త విచారణ అవసరం లేదన్నది ధర్మాసనం చూపిన కారణం. కారణం లేకుండా తీర్పు ఇచ్చిందని మేము అనడం లేదు. కాని పేద ముతవల్లీ రిట్ వేస్తే, ప్రత్యామ్నాయ మార్గం ఉన్నది, ట్రిబ్యునల్‌కు వెళ్లమని చెప్పడం కోర్టుల్లో పరిపాటి. ప్రభుత్వానికి తెరిచిన తలుపు సామాన్యునికీ తెరవాలి, లేదా ఉభయులకూ మూయాలి.

ఇదే కోర్టు 1998లో, ఇదే రాష్ట్రం నుంచి వచ్చిన సయ్యద్ అలీ కేసులో వేరు స్వరంతో మాట్లాడింది. ఒకసారి వఖ్ఫ్ అయినది ఎప్పటికీ వఖ్ఫేననీ, ఇనాం రద్దు చట్టం కింద తరువాత పట్టా ఇచ్చినంత మాత్రాన మొదటి సమర్పణ రద్దు కాదనీ అప్పుడు నిర్ణయించింది. రెండు కేసుల వాస్తవాలు వేరు. అక్కడ భూమి వఖ్ఫ్‌కు సమర్పితమైనదని నిర్ణయమైంది. ఇక్కడ అసలు దఖలుపడినది భూమా, కేవలం జాగీరు ఆదాయమా అన్నదే ప్రశ్న. సరిగ్గా ఈ తేడా వల్లనే సాక్ష్యం నిండుగా వినవలసిన అవసరం ఉన్నది. సేవకు ప్రతిగా ఇచ్చే మష్రూతుల్ ఖిద్మత్ ఇనాంలలో భూమి ఎవరిది, ఫలసాయం ఎవరిది అన్నది ప్రతి సనదులోనూ ఒకే విధంగా ఉండదు.

కాగితం చెప్పే సాక్ష్యం

2023 మే 18న జస్టిస్ వి. రామసుబ్రమణియన్, జస్టిస్ పంకజ్ మిత్తల్‌ల ధర్మాసనం తమిళనాడులోని సేలం ఖబరస్తాన్ కేసులో తీర్పు ఇచ్చింది. 1954 నాటి చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, దాని నివేదిక మీద గెజెట్ ప్రకటన రావాలి. సర్వే జరిగినట్లు రుజువు లేనప్పుడు గెజెట్‌లో పేరున్నంత మాత్రాన వఖ్ఫ్ రుజువు కాదన్నది ఆ తీర్పు. అక్కడి ఖబరస్తాన్ ఎప్పుడో మూతపడింది, బదులుగా వేరే స్థలం కూడా కేటాయించబడింది. అనాదిగా వినియోగంలో ఉన్నందున వఖ్ఫ్ అయినదనే వాదనకు సాక్ష్యం దొరకలేదు.

2019 నవంబరు 9 నాటి అయోధ్య తీర్పులో సైతం, వినియోగం ద్వారా వఖ్ఫ్ ఏర్పడగలదన్న సూత్రాన్ని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒప్పుకున్నది. కాని 1857కు పూర్వం లోపలి భాగం ముస్లిముల ప్రత్యేక స్వాధీనంలో ఉన్నట్లు సాక్ష్యం లేదని పేర్కొన్నది. సూత్రం మనకు దక్కింది, ఆస్తి దక్కలేదు. ఆ రెండింటి మధ్య ఉన్నది సాక్ష్యమే. శతాబ్దాల నాటి కట్టడానికి అంతటి సాక్ష్యం కోరడం ఎంతవరకు సమంజసమన్న విమర్శ ఉంది, అది ఉండదగినదే. కాని సేలం వంటి కేసులలో లోపించినది శతాబ్దాల నాటి పత్రం కాదు. 1954 తరువాత మన కళ్ల ఎదుట జరగవలసిన సర్వే అది.

గడువు: కొత్తగా వచ్చిపడిన ప్రమాదం

లిమిటేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి స్వాధీనం కోరే దావాకు గడువు 12 సంవత్సరాలు. గడువు దాటితే దావా వేసే దారి మూసుకుపోవడమే గాక, 27వ సెక్షన్ కింద హక్కే నశిస్తుంది. లాహోరులోని షహీద్‌గంజ్ మస్జిదు కేసులో 1940లో ప్రివీ కౌన్సిల్ ఈ నియమాన్నే మస్జిదుకు కూడా వర్తింపజేసింది. 1995 చట్టం 107వ సెక్షన్ వఖ్ఫ్ ఆస్తుల స్వాధీనం కోరే దావాలను ఈ గడువు నుంచి మినహాయించింది. అయినా అప్పటికే నశించిన హక్కులను ఆ సెక్షన్ బ్రతికించదని 2008లో టి. కలియమూర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన సవరణ చట్టం 107వ సెక్షన్‌ను మార్చి, ఆ మినహాయింపును తొలగించింది. అదే చట్టం, నమోదు కాని వఖ్ఫ్ తరఫున దావా వేయడంపై ఆంక్ష విధించింది. 1995 చట్టంలోని 87వ సెక్షన్‌లో ఇటువంటి నిషేధమే ఉండగా 2013లో దానిని తీసివేశారు. ఇప్పుడు అది వేరే రూపంలో తిరిగి వచ్చింది.

ఈ సవరణలపై 2025 సెప్టెంబరు 15న ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్, జస్టిస్ ఎ.జి. మసీహ్‌ల ధర్మాసనం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ భూమి అనే వివాదం వచ్చినప్పుడు ప్రభుత్వ అధికారే విచారించి హక్కు తేల్చే నిబంధనలను నిలిపివేసింది. ట్రిబ్యునల్ తేల్చేవరకు వఖ్ఫ్‌ను ఆస్తి నుంచి తొలగించరాదనీ, ఆలోగా ఇతరులకు హక్కులు కల్పించరాదనీ చెప్పింది. ఈ భాగం హర్షణీయం. మణికొండలో బోర్డు తన హక్కును తానే ప్రకటించుకోరాదన్న సూత్రమూ, ఇక్కడ ప్రభుత్వం తన హక్కును తన అధికారి ద్వారా తేల్చుకోరాదన్న సూత్రమూ ఒక్కటే. మనం ఒకదానిని దూషించి రెండవదానిని కీర్తిస్తే మన మాటకు విలువ ఉండదు.

కాని 107వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు తొలగింపును, నమోదుకు సంబంధించిన ఆంక్షను ధర్మాసనం నిలిపివేయలేదు. ఇక్కడ మా ఆక్షేపణ ఇది. గడువు నియమం తన ఆస్తిని తాను చూచుకోగల యజమానిని దృష్టిలో పెట్టుకొని పుట్టినది. వఖ్ఫ్‌కు యజమాని అల్లాహ్. లబ్ధిదారులు అనాథలు, విద్యార్థులు, బాటసారులు. ముతవల్లీ నిర్లక్ష్యం చేసినా, ఆక్రమణదారుతో చేతులు కలిపినా, శిక్ష పడేది అతనికి కాదు, వారికి. మైనరు విషయంలో గడువును సడలించే చట్టం, శాశ్వతంగా నోరులేని లబ్ధిదారుల విషయంలో ఆ దయ చూపకపోవడం సమానత్వం అనిపించుకోదు. ఈ ప్రశ్నకు తుది తీర్పులో సంతృప్తికరమైన సమాధానం లభించాలని కోరుకుంటున్నాము.

2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయడానికి ఆరు నెలల గడువు ఇచ్చారు. దానిని సామూహికంగా పొడిగించమన్న విన్నపాలను సుప్రీంకోర్టు 2025 డిసెంబరు 1న అంగీకరించలేదు. చట్టంలో ఉన్న మార్గం ప్రకారం ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకొమ్మన్నది.

మన కర్తవ్యం

కోర్టులను విమర్శించే హక్కు మనకున్నది. దానితోపాటు బాధ్యత కూడా ఉన్నది. తెలంగాణలో ముంతఖబ్, సేత్వార్, ఖస్రా పహాణీ. ఆంధ్ర ప్రాంతంలో ఇనాం ఫెయిర్ రిజిస్టరు, టైటిల్ డీడు, అడంగల్. ఈ పత్రాల సర్టిఫైడ్ నకళ్లు ఎన్ని మస్జిదు కమిటీల బీరువాలలో ఉన్నాయి? సర్వే కమిషనరు నివేదికలో తమ ఆస్తి సర్వే నంబరు సరిగా ఉన్నదో లేదో చూచుకున్నవారు ఎందరు? ఆక్రమణ జరిగిన తేదీ రాసిపెట్టుకొని గడువు లోపల దావా వేయించే ముతవల్లీలు ఎందరు? ఖబరస్తాన్ సరిహద్దులు తెలిసిన వృద్ధుల వాంగ్మూలాలను సకాలంలో నమోదు చేయించినవారు ఎందరు? మహల్లాలో ఒక న్యాయవాది, ఒక రిటైర్డు రెవెన్యూ ఉద్యోగి, ఒక ఆలిమ్ కలసి కూర్చుంటే కొద్ది నెలలలో పూర్తి కాగల పని ఇది. దీనికి పెద్ద నిధులు అవసరం లేదు.

బహిరంగంగా, ఉభయపక్షాలను విని, నిష్పక్షపాతి ఎదుట జరిగే విచారణ ద్వారానే ఆస్తిహక్కు తేలాలి. బోర్డు అయినా, ప్రభుత్వమైనా, అత్యున్నత న్యాయస్థానమైనా ఆ దారిని తప్పించరాదు. ఈ సూత్రాన్ని మనం కోర్టుల నుంచి ఆశిస్తున్నట్లే, ఆ విచారణకు తగిన సాక్ష్యంతో హాజరు కావాలని షరీఅత్ మన నుంచి ఆశిస్తున్నది. ఖైబర్ భూమికి పత్రం రాయించిన ఖలీఫా తరువాతి తరాలకు ఇచ్చిన పాఠం ఇదే. వఖ్ఫ్ అమానతు. దానిని పోగొట్టుకున్నవారిని కోర్టు తీర్పు నకలు ఈ లోకంలో ఓదార్చవచ్చునేమో గాని, ప్రళయదినాన లెక్క అడిగినప్పుడు ఆ నకలు జవాబు కాజాలదు.